ఐసు ఫ్యాక్టరీలో ఉన్ని శాలువాలు

క్రిస్టినా మగ్గం మీదే ఒరిగిపోయింది. సూపర్‌వైజర్ గణేష్‌బాబు పరుగెత్తుకొచ్చాడు. వచ్చి ఏం చేశాడు? నోట్లోంచి కారే నురగ అంటుకుంటుందని ముందు ఆమె తలను శాలువా మీంచి పక్కకి నెట్టాడు. గుడ్డ తడిమి చూసుకున్నాకే నీళ్ళు తెమ్మని అరిచాడు. పక్క మగ్గం మీదున్న బేబి ఇదంతా కళ్ళారా చూసింది.

భీమవరం అవతల, రొయ్యల చెరువుల మధ్య మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. చెరువుల కామందు ఉదయభాస్కర్ అందులో మగ్గాలు వేయించాడు. ఎక్కడో మంచుకొండల మీద మేకల పొట్ట కింద దువ్వి తీసిన మెత్తటి ఉన్ని ఇక్కడికొచ్చి, శాలువాలూ స్కార్ఫులూ అయి చలిదేశాలకు పోతుంది. నేసే ఆడవాళ్ళలో ఒక్కరికైనా జన్మలో శాలువాతో పనిబడలేదు. మే నెల్లో భీమవరంలో శాలువాయా! గేదెలు కూడా నవ్వుతాయి. ఐసు ఫ్యాక్టరీకి కిటికీలుండవు కదా, ఉన్న ఒక్క తలుపూ మూసే ఉంచేవారు. తెరిస్తే చెరువుల నీచు వాసన ఉన్నికి పట్టేస్తుందట. ఫ్యాను వేస్తే నూగు ఎగురుతుందట. మనుషులు ఉడికిపోతే మాత్రం ఎవరికీ పట్టదు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే క్రిస్టినా ప్రాణం ఆటోలోనే పోయింది.

క్రిస్టినా బేబికి స్వయానా వదిన, అన్న సామ్యేలు భార్య. భూస్థాపనకి ఉదయభాస్కర్ పూలదండ పట్టుకుని వచ్చాడు. "పాపం, ఎప్పట్నించో గుండెజబ్బంట కదా," అన్నాడు పదిమందికీ వినబడేలా. సామ్యేలు తల వంచుకుని ఊపాడు. అతను ఆయన చెరువులకే కాపలా. ఉండే గుడిసె కూడా ఆయన గట్టు మీదే.

బేబికి ఒళ్ళు మండిపోయింది. "ఏంటన్నయ్యా, వదినకి గుండెజబ్బెప్పుడొచ్చింది?"

"నోర్ముయ్యవే. గట్టు మీంచి గెంటేస్తే పిల్లల్నేసుకుని ఎక్కడ తలదాచుకోను?"

మర్నాడు సాయంత్రం చర్చి వెనక రేకుల పంచలో ఆడవాళ్ళంతా చేరారు. వీళ్ళందరికీ నేత నేర్పిన పెద్దామె మాణిక్యాంబ కూడా వచ్చింది. ఆమెది పూర్వం నుంచీ నేతవాళ్ళ ఇల్లు.

"తలుపు తీసేదాకా మగ్గం ముట్టుకోవద్దు. వదిన గాలాడక పోయిందని ఆయన నోటితో ఒప్పుకోవాలి," అంది బేబి.

"నువ్వలాగే అంటావు. రేపు పొమ్మంటే?" పావని గయ్యిమంది. చంకలో బిడ్డ ఏడుస్తోంది. "చేలన్నీ చెరువులైపోయె. కూలెక్కడుందే?"

"పొమ్మంటే అందర్నీ పొమ్మనాలి. అప్పుడు నేసేదెవరు? ఆయన రొయ్యలా?"

క్రిస్టినా పోయాక వాళ్ళు నవ్వడం అదే మొదలు. "ఇవాళ ఆవిడ, రేపు మనమే!" అంది ఒకామె. "సరే, రేప్పొద్దున్నుంచే," అన్నారు అందరూ.

అప్పుడు మాణిక్యాంబ గొంతు సవరించుకుంది. "రేపు కాదమ్మా. మగ్గాల మీద సగం నేసిన గుడ్డలున్నాయి. సగం గుడ్డ వదిలి లేవకూడదు. ఇంటికి అరిష్టం. అవి పూర్తిగా నేసి దించేసి లేద్దాం."

ఒక్కరూ కాదనలేదు. కామందుతో కొట్లాటకు సిద్ధమైన ఆడవాళ్ళకి చేతిలో పని సగంలో పారేయడం మాత్రం చేతకాలేదు. కొంప మునిగింది అక్కడే. బేబి స్వయంగా వదిన మగ్గం మీద కూర్చుంది. ఆమె ఆపిన చోట నుంచి ఏడుస్తూ నేసింది. చెయ్యి తిరిగిన మనిషి మొదలుపెట్టిన పని, అదే అందంతో పూర్తి చేయాలనుకుంది. పిచ్చి తల్లి!

ఆఖరి శాలువా దిగింది. అందరూ ఒక్కసారే లేచి గేటు బయట నిలబడ్డారు. "తలుపు తెరవాలి! క్రిస్టినాది గుండెజబ్బు కాదు!" అని గొంతులు చించుకున్నారు.

ఉదయభాస్కర్ నవ్వుతూ బయటికొచ్చాడు. "చాలా సంతోషమండీ అమ్మా! ఈ సీజన్ ఆర్డరు ఇవాళ్టితో పూర్తయిపోయింది. మళ్ళీ పనుంటే కబురు చేస్తాలెండి. గణేష్‌బాబూ, గేటుకి తాళం వెయ్యి."

ఆడవాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క లేదు. సగం గుడ్డలు మగ్గాల మీదే వదిలేసి ఉంటే ఆయన కాళ్ళ బేరానికి వచ్చేవాడు. మాణిక్యాంబ నెత్తి కొట్టుకుంది. "నా నోరు పడిపోనూ! నేనే చెడగొట్టానమ్మా." బేబికి ఆమె మీద అరవాలనిపించింది. ఏమని అరుస్తుంది? తనూ నేసింది కదా.

శాలువాలు ఎక్కించుకుని వ్యాను కదిలింది. ఆడవాళ్ళు దానికడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. పోలీసులు వచ్చి జబ్బలు పట్టుకుని ఈడ్చారు. బేబి మోచెయ్యి చీరుకుపోయింది. వ్యాను హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

స్టేషన్లో అందర్నీ నేల మీద కూర్చోబెట్టారు. "ఆ గేటు దగ్గరికి మళ్ళీ రామని సంతకాలు పెట్టి పోండి. లేదంటే కేసు," అన్నాడు ఎస్సై. "గుండెజబ్బుతో పోయిన మనిషిని అడ్డం పెట్టుకుని ఈ గొడవేంటి?"

పావని బిడ్డను ఎత్తుకుని లేచి సంతకం పెట్టింది. వెనకే ఇంకొందరు లేచారు. వాళ్ళని ఏమనగలం? పొయ్యి వెలగాలి కదా. మాణిక్యాంబ కూడా వేలిముద్ర వేసింది. బేబి గోడకి జారగిలబడి కళ్ళు మూసుకుంది. ఇక గెలవడానికేం మిగల్లేదని ఆమెకూ తెలుసు.

అప్పుడు గణేష్‌బాబు సామ్యేలును వెంటబెట్టుకొచ్చాడు. "చెప్పవయ్యా. మీ ఆవిడకి గుండెజబ్బే కదా?" అన్నాడు ఎస్సై.

సామ్యేలు చెల్లెలి మోచేతి కేసి చూశాడు. అక్కడ నెత్తురు ఇంకా కారుతోంది.

"కాదండి."

"ఏంటి కాదు?"

"జబ్బు లేదండి. తలుపేసేశారండి. గాలాడక చచ్చిపోయిందండి నా పెళ్ళాం. రాసుకోండి."

గణేష్‌బాబు ఫోను చెవిన పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. ఎస్సై పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "తాగొచ్చావా?"

"జన్మలో ముట్టలేదండి. రాసుకోండి."

"ఒరేయ్, నీ గుడిసె పీకుతున్నారంట, ముందు పోయి చూసుకో!" అని గుమ్మంలోంచి గణేష్‌బాబు కేకేశాడు.

సామ్యేలు మొహం నల్లబడింది. కానీ పోలేదు. బేబి పక్కన నేల మీద చతికిలబడి, ముఖం కప్పుకుని భోరుమన్నాడు. భార్య పోయాక అతను ఏడవడం అదే మొదటిసారి.

గడప దాటబోతున్న మాణిక్యాంబ వెనక్కి తిరిగింది. వచ్చి బేబి పక్కన కూలబడింది. పావని కూడా బిడ్డతో వచ్చి కూర్చుంది.

"నా వేలిముద్ర కొట్టేయండి బాబూ," అంది మాణిక్యాంబ. "కేసు పెడతారో, జైల్లో పెడతారో మీ ఇష్టం. ఆ అబ్బాయి చెప్పిన మాట మీరు రాసేదాకా మేం లేవం."