తేదీల కాలమ్

నేను మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన నా ఫోన్ చూస్తున్నారు. రోజూ పొద్దున ఇదే వరస.

“మీ ఆఫీసర్ పొద్దున్నే మెసేజ్ పెట్టాడేంటి?”

“కుళాయి నీళ్ల పరీక్షల రిపోర్టులన్నీ వెబ్‌సైట్‌లో పెడుతున్నాం. ఎవరైనా చూసుకోవచ్చు. ఈవేళే ఆఖరు.”

“గవర్నమెంటు వాళ్లకి ఉన్నట్టుండి అంత మంచి బుద్ధి పుట్టిందా?” అని నవ్వి నా ఫోన్ పక్కన పడేశారు. ఆయన ఫోన్ మాత్రం బోర్లా పెట్టి ఉంది. దాని లాక్ నంబరు పదకొండేళ్ల కాపురంలో నాకు తెలియదు. “మొగుడూ పెళ్లాల మధ్య దాపరికాలేంటే” అని మా అత్తగారు కొత్తలో నాకే చెప్పారు. కొడుక్కి చెప్పినట్టు గుర్తులేదు.

ఆయన వెటకారంగా అన్నా, నా అనుమానమూ అదే. జనం వచ్చి అడిగినన్నాళ్లు మా ఆఫీసు వాళ్లని తిప్పి తిప్పి పంపింది. ఇప్పుడు ఎక్కువ సమాచారం బయటపెట్టిన శాఖకి ర్యాంకు ఇస్తారట. పక్క శాఖకి మూడో ర్యాంకు వచ్చిన రోజే మా ఆఫీసర్‌గారికి పారదర్శకత మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రేమ ఆయనది, చాకిరీ నాది. సెక్షన్లో నలుగురు మగవాళ్లుండగా “మీకు ఓపిక ఎక్కువ కదమ్మా” అని ఆరేళ్ల రిజిస్టర్లు నా బల్ల మీదే పెట్టారు. సెలవురోజుల్లో వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని అన్నీ ఎక్కించాను.

ఎక్కిస్తుంటేనే తెలిసింది. స్కూలు వెనక వీధి కుళాయిలకి రెండేళ్లుగా పరీక్షే జరగలేదు. పాత ఫలితాన్నే నెలనెలా దించేశారు. దించిన మహానుభావుడు పరీక్షకి నీళ్లు పట్టిన పాత తేదీతో సహా దించాడు.

ఆఫీసర్‌గారికి చూపిస్తే క్షణం ఆలోచించలేదు. “ఆ తేదీల కాలమ్ తీసేయండమ్మా. జనం కంగారుపడతారు. అన్నట్టు, తయారు చేసినవారని కింద మీ పేరు వేద్దాం.”

ఆరేళ్లలో ఏ కాగితం మీదా లేని నా పేరు ఈ ఒక్కదాని మీద ఎందుకో? రేపు ఆ వీధి పిల్లలు జబ్బు పడితే ఎవరి మెడ దొరకాలో ముందే చూసిపెట్టుకున్నారు.

మధ్యాహ్నం ఆఫీసులో తేదీలతో సహా వెబ్‌సైట్‌లో పెట్టాను. కింద నా పూర్తి పేరు నేనే రాశాను. భయమేసింది. చేతులు కడుక్కునే వంకతో వెళ్లి కాసేపు ఒంటరిగా నిలబడ్డాను.

సాయంత్రం మా ఆయన నా ఫోన్ పట్టుకుని అటూ ఇటూ నొక్కుతున్నారు. “మీ ఆఫీసర్ ఏడుసార్లు చేశాడు. ఏం జరిగింది? ఇది తెరుచుకోవట్లేదేంటి?”

“లాక్ నంబరు మార్చాను.”

“ఎందుకు?”

“అందులో ఉన్నవి నావి,” అన్నాను. “జనానివి మధ్యాహ్నమే ఇచ్చేశాను.”