అడుగు మూసిన కెంపు

నేను ఒక పాత కెంపు ఉంగరాన్ని. ఎంత పాతదాన్నంటే, అది కొనేవాళ్ల మొహాన్ని బట్టి ఉండేది. పెళ్లివారు వస్తే దుకాణదారు నన్ను నిరుడు చేసినదన్నాడు, పాత వస్తువుల పిచ్చి ఉన్నవాళ్లు వస్తే జమీందారుల కాలం నాటిదన్నాడు. నన్నెవరూ అడగలేదు.

నేను పుట్టింది బందరులో. నా రాయి లేత కెంపు, ఉన్నదున్నట్టు వదిలేస్తే గులాబీ రేకంత రంగు కూడా ఉండదు. అందుకే నన్ను చేసిన కంసాలి రాయి కింద ఎర్రటి లోహపు రేకు పరిచి, లక్క నింపి, అడుగును బంగారంతో మూసేశాడు. పైనుంచి చూస్తే నిప్పుకణికలా ఉండేదాన్ని. ఒక అద్దకం వ్యాపారి కోడలు నన్ను మొదట పెట్టుకుంది. ఆవిడ పోయాక ఆవిడ కూతుళ్లిద్దరూ నాకోసం మాట్లాడుకోవడం మానేశారు, తీరా నన్ను ఇద్దరూ పెట్టుకోలేదు. మనుషుల సంగతి నాకు అప్పుడే కొంత తెలిసింది. చేతులు మారి మారి, చివరికి బందరులోనే పాత నగల దుకాణంలో అద్దం కిందికి చేరాను.

అక్కడ నన్ను చూసి హైమవతి నిలువునా ఆగిపోయింది. ఆమెది దివిసీమ. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఉప్పెనలో తల్లి అనసూయమ్మ కొట్టుకుపోయింది. శవం దొరకలేదు. అమ్మ వేలికి కెంపు ఉంగరం ఉండేదని మాత్రం ఆ పిల్లకి గుర్తు. అప్పటినుంచి జుట్టు నెరిసేదాకా ఏ ఊరు వెళ్లినా పాత నగల దుకాణంలోకి తొంగిచూడకుండా రాలేదు. ఉంగరం దొరికిందంటే, దాన్ని తీసినవాళ్లు అమ్మను చూసినట్టే కదా. చూసినవాళ్లు ఇంత మట్టయినా వేసి ఉంటారు కదా. అదీ ఆమె ఆశ.

అన్న శేషగిరి బాధ వేరు. శవం దొరకనివాళ్లకి దర్భలతో బొమ్మ కట్టి దహనం చేస్తారు. అది కానిదే తల్లికి తద్దినం పెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు. ఎప్పుడు ఆ మాటెత్తినా, “అమ్మ పోవడం నువ్వు చూశావా అన్నయ్యా?” అనేది హైమవతి. దర్భల మాట మళ్లీ వాయిదా పడేది.

నన్ను కొని ఇంటికి తీసుకెళ్లగానే ఆమె కుంకుడుకాయ రసంలో నానబెట్టింది. బంగారం ఇంటికొస్తే మన ఆడవాళ్లు చేసే మొదటి పని అదే, ఆమెను అనడానికి లేదు. నా లక్క ఎప్పుడో బీటలిచ్చి ఉంది. ఆ రసం సందుల్లోంచి దూరి రేకును తినేసింది. నేను వెలవెలబోయాను. హైమవతి అమ్మను తన చేతులతోనే పోగొట్టుకున్నట్టు ఏడ్చింది.

అన్నాచెల్లెళ్లు నన్ను కంసాలి మోహనాచారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని నన్ను తిరగేసి చూశాడు.

“రాయికేం కాలేదమ్మా, పోయింది కింద రేకు. ఇది అడుగు మూసిన పని. రాయి ఒంటికి తగలాలంటారని ఇప్పుడు అడుగు తెరిచే కడుతున్నాం. ఇది మా తాతలనాటిది.”

“మా నాన్న చేయించాడండీ, నేను పుట్టాక,” అంది హైమవతి. వెంటనే తనే సర్దుకుంది. “పాతదే కొనిచ్చాడేమో. ఆడవాళ్లకి నిజం చెప్తారా ఏంటి!”

“అయ్యుండొచ్చు. అమ్మగారి ఉంగరం మీకెలా గుర్తు?”

“అరుగు మీద కూచుని ఉంగరం తీసి ఎండకి పట్టేదండీ. నా అరచేతిలో ఎర్రటి చుక్క పడేది. పట్టుకోవే అనేది. నేను గుప్పిట మూసేసేదాన్ని.”

ఆచారి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నన్ను ఎండకి పట్టాడు. హైమవతి వెనకే వెళ్లి అరచెయ్యి చాపింది.

నా నీడ పడింది, నల్లగా.

ఆమె చెయ్యి కాస్త అటూ ఇటూ జరిపి చూసింది. అబద్ధం చెప్పడం చేతనైతే అప్పుడు చెప్పేదాన్ని. నా వెనకంతా బంగారమే, వాళ్లమ్మ ఉంగరంలోంచి దూరిన వెలుగు నేను ఎక్కణ్ణుంచి తెచ్చేది? అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

“కొత్త రేకు వేసిమ్మంటారా?” అన్నాడు ఆచారి మెల్లగా.

“వద్దండీ.” నన్ను తీసి వేలికి పెట్టుకుంది. గుమ్మం దిగాక అన్న వైపు చూడకుండా అంది. “దర్భలు తెప్పించు.”

కృష్ణ సముద్రంలో కలిసేచోట బొమ్మ కట్టారు. శేషగిరి నిప్పు పెట్టాడు. గడ్డి కదా, ఎంతోసేపు కాలలేదు. అన్నాచెల్లెళ్లు బూడిద ఎత్తి నీళ్లలో కలిపారు. హైమవతి అక్కడే మోకాలి లోతు నీళ్లలో కూలబడి గొంతెత్తి ఏడ్చింది. ఆమె చేతితోపాటు నేనూ ఉప్పునీళ్లలో మునిగి ఉన్నాను.

“ఊరుకో హైమా,” అన్నాడు శేషగిరి, చెల్లెలి భుజం పట్టుకుని. “అమ్మ పోయి ఎన్నేళ్లయిందే!”

“ఇప్పుడే కదన్నయ్యా పోయింది,” అంది హైమవతి.