ఒరెస్తె విప్పని కోటు

కస్తెల్‌మోరో ఊళ్లో ఒపెరా పాడేవాళ్ల పాలిటి యముడు ఎర్మెతే. నాటకశాల పై అంతస్తులో, చౌక బల్లల మీద కూర్చునే జనానికి అతనే పెద్ద. గొంతు అక్కడిదాకా రాలేదో, "వినపడట్లేదు" అని కేక పెట్టేవాడు. మిగతావాళ్లు ఈలలు అందుకునేవాళ్లు. ఎంతమంది ఏడుస్తూ రైలెక్కారో!

అలాంటి ఎర్మెతేకి ఆ సాయంత్రం ముచ్చెమటలు పోశాయి. వేదిక మీద ఉన్నది సొంత కూతురు లియెత్తా. పుట్టిన ఊళ్లో మొదటిసారి పాడుతోంది. మొన్న ఖాళీ హాల్లో సాధన చేస్తుంటే ఆ గొంతు ఖంగుమంది. ఇప్పుడేమో గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది.

పక్కనే ఒరెస్తె మీసాల్లో నవ్వుకున్నాడు. ఎర్మెతే ఈలలకు బలైనవాళ్లలో అతని చెల్లెలు కూడా ఉంది మరి. విరామంలో దగ్గరకు జరిగి, "ఏరా, ఇవాళ నోరు పడిపోయిందా? పోనీ, నన్ను అరవమంటావా?" అన్నాడు.

ఎర్మెతే చుట్టూ చూశాడు. హాలును వెచ్చబరిచే బాయిలరు చెడిపోవడంతో ఉన్నికోటు విప్పినవాడు ఒక్కడూ లేడు. అప్పుడు వెలిగింది. చెక్క గోడలు తిరిగివ్వాల్సిన పాటను ఈ ఉన్ని అంతా మింగేస్తోంది!

తన కోటు బయట పడేసి వచ్చి, అందరినీ పేరుపేరునా బతిమాలాడు. నీ కూతురి కోసం మేం జ్వరాలు తెచ్చుకోవాలా అని దులిపేశారు. అయినా ఎర్మెతే బతిమాలడం ఎన్నడూ చూడనివాళ్లు, ఆ సరదాకే విప్పి బయట పెట్టొచ్చారు. వాళ్లను చూసి కిందివాళ్లూ విప్పారు. ఒరెస్తె మాత్రం మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు.

తెర లేచింది. లియెత్తా సన్నగా, ఊపిరంత స్వరం ఎత్తుకుంది. అది తిన్నగా పైకొచ్చి చెవి పక్కనే పాడినట్టు వినిపించింది. అబ్బ, ఎంత హాయి! ఎర్మెతే కళ్లు చెమర్చాయి. ఒరెస్తె నోరు తెరుచుకుని వింటున్నాడు.

అంతలో చలికి ఎర్మెతేకి తుమ్ము ముంచుకొచ్చింది. గుండుసూది పడినా వినపడే హాల్లో! ముక్కు పిండుకున్నాడు, ఊపిరి బిగబట్టాడు, ఆగేలా లేదు. నా పిల్ల పాట నేనే చెడగొడుతున్నాను దేవుడా అనుకున్నాడు.

ఒరెస్తె చూశాడు. గబగబా గుండీలు విప్పి, ఎర్మెతే తలను తన కోటులోకి లాగి అదిమిపట్టాడు. తుమ్ము ఆ ఉన్నిలోనే సమాధి అయింది. స్వరం చెక్కుచెదరకుండా చివరిదాకా సాగి ఆగింది.

చప్పట్లతో హాలు దద్దరిల్లుతుంటే ఒరెస్తె కోటు తుడుచుకుంటూ లేచి, వేదికవైపు గట్టిగా అరిచాడు.

"వినపడిందమ్మా! అంతా వినపడింది!"