అసిరమ్మ కూతురి రంగు

నేను ఒక ఇంగ్లీషు టైపు మిషన్ని. విజయనగరంలో కోర్టు గోడ పక్కన, రేకుల పందిరి కింద, టైపిస్టు జగన్నాయకులు గారి బల్ల మీదే నా బతుకంతా గడిచింది. ఇప్పుడు పాత ఇనుము కొట్లో పడి ఉన్నాను. తుప్పు పట్టినందుకు నాకేం దిగుల్లేదు. నా దిగులు వేరే.

అర్జీలతో పాటు పెళ్లి సంబంధాల వివరాలు కూడా జనం మా దగ్గరే కొట్టించుకునేవారు. ఏ ఆడపిల్ల గురించైనా సరే, జగన్నాయకులు గారు 'వీటిష్ కాంప్లెక్షన్' అని టకటకా కొట్టేసేవారు. గోధుమ రంగు ఛాయ అని దానర్థం. నన్నడిగితే ఈ జిల్లాలో నల్లటి ఆడపిల్ల పుట్టనే లేదు! మనుషుల మర్యాదలు అలాగే ఉంటాయి.

ఒక ఎండాకాలం అసిరమ్మ అని చేపలమ్ముకునే ఆవిడ ఏడుస్తూ వచ్చింది. సింహాచలం గుడి ఉత్సవం జనంలో ఆమె కూతురు నీలమ్మ తప్పిపోయింది. పిల్లకి మాట రాదు. ఫోటో ఎప్పుడూ తీయించలేదు. ఊరూరి పోలీసు స్టేషన్లకు పంపడానికి ఆనవాళ్లు ఇంగ్లీషులో కొట్టించుకు రమ్మన్నారట.

"మా పిల్ల నలుపు బాబూ. నిగనిగలాడతాది. అలాగే రాయండి" అంది.

"ఆడపిల్లని నలుపని రాస్తారేటమ్మా? రేపు దానికి పెళ్లవ్వాలా వద్దా?" అంటూ ఆయన అలవాటైన మాటే కొట్టారు. ఆమెకు చదువు రాదు. దణ్ణం పెట్టి కాగితం పట్టుకెళ్లింది.

ఆ కాగితం తునిలో ఒక అనాథాశ్రమానికీ చేరింది. నీలమ్మ అక్కడే ఉంది. వార్డెనమ్మ కాగితం చదివి, పిల్లని చూసి, ఈ పిల్ల కాదులే అని పక్కన పెట్టేసింది. వానాకాలంలో నీలమ్మ జ్వరంతో పోయింది. పాతిపెట్టే ముందు తీసిన ఫోటో స్టేషన్‌కు వస్తే అసిరమ్మ గుర్తుపట్టింది. ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదో కానిస్టేబులు ఆమెకు చెప్పాడు.

ఆమె మళ్లీ మా బల్ల దగ్గరకు వచ్చింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

"నలుపంటే కన్నదాన్ని నాకే సిగ్గు లేదు బాబూ. తమరికెందుకు సిగ్గేసింది?" అంది.

తునిలో పాతిపెట్టింది తన కూతుర్నేనని ఆమె ఇంకో అర్జీ ఇవ్వాలి. "ఈసారైనా నా పిల్లని నా పిల్లలాగ రాయండి" అంది.

ఆయన 'డార్క్' అని కొట్టారు. ఆ మాట ఎక్కడుందో చూపించమని ఆమె అడిగింది. ఆయన వేలు పెట్టి చూపించారు. అసిరమ్మ ఆ నాలుగక్షరాల మీద చెయ్యి వేసి, పిల్ల బుగ్గ నిమిరినట్టు నిమిరింది.