కత్తెరమ్మకు రావలసిన మార్కు

ఆ బడిలో కత్తెరమ్మ కుట్టని యూనిఫాం లేదు. ముప్పై ఏళ్ళుగా వంతెన అవతలి తెల్లవాళ్ళ పిల్లల భుజాలూ నడుములూ కొలిచి కొలిచి, టేపు లేకుండానే కొలత చెప్పేసే మనిషైపోయింది. అయితే వంతెన ఇవతల, నల్లవాళ్ళ వీధిలో పుట్టి ఆ బడి పెద్ద గదుల్లో కూర్చున్న పిల్లల్ని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తక్కినవాళ్ళందరికీ వెనకాల రేకుల షెడ్డే గతి. దాని పేరు ప్రత్యేక తరగతి. పేరుకేం, దివ్యంగా ఉంది. అక్కడ నేర్పేదల్లా నేల తుడవడం, గుడ్డ అంచులు మడిచి కుట్టడం, ఎవరేమన్నా తల వంచుకుని సరేననడం.

కత్తెరమ్మా ఆ షెడ్డులోంచి వచ్చిన మనిషే. "నాది ఉత్త మట్టిబుర్ర" అని నవ్వుతూ చెప్పుకునేది. నవ్వుతూనే నమ్మేది కూడా. అందుకే మనవరాలు పుట్టిన రోజునుంచీ ఆవిడకి ఒకటే బెంగ, దీనికి నా బుర్ర రాకుండా ఉంటే చాలునని.

కూతురు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనికి పొద్దున్నే పోయేది కాబట్టి పిల్ల పెరిగిందంతా అమ్మమ్మ కుట్టుమిషను పక్కనే. రెండేళ్ళప్పుడు ఒక గుండీ మింగేసి ఇంటిల్లిపాదినీ మూడు రోజులు పహరా కూర్చోబెట్టింది. అప్పటినుంచీ అది అందరికీ గుండీయే.

ఆ గుండీ ఏడో ఏట బళ్ళో పరీక్ష రాసి కాగితం తెచ్చింది. పదికి ఏడు రావాలి, ఆరే వచ్చాయి. సోమవారం నుంచి ప్రత్యేక తరగతి.

కత్తెరమ్మ మిషను ఆపేసింది. పిల్లని ఒళ్ళోకి లాక్కుని, "ఏం రాయలేకపోయావే తల్లీ?" అంది.

"మూడు నిజంగానే రాలేదమ్మమ్మా. ఇది మాత్రం వచ్చు. కలవనిదాన్ని కొట్టెయ్యమన్నారు. సూది, దారం, కత్తెర, సుద్దముక్క. నాలుగూ మన డబ్బాలోవే కదా, దేన్ని కొట్టెయ్యను?"

కత్తెరమ్మ కాగితం అందుకుని ఆ నాలుగు బొమ్మలూ చూసింది. యాభై రెండేళ్ళ కిందట తన ముందు పెట్టినవీ ఈ బొమ్మలే. తనూ దేన్నీ కొట్టెయ్యలేదు. టీచరు ఆ కాగితం ఎత్తి క్లాసంతటికీ చూపించి, సుద్ద ఉండేది బోర్డు దగ్గర, ఈ మాత్రం తెలియదా అంటే అందరూ పడీ పడీ నవ్వారు. మా అమ్మ గుడ్డమీద గీసేది దాంతోనే అని చెప్పబోతే, ఎదురు చెప్పకు అని నోరు మూయించారు. తరవాత షెడ్డులో గడిచిన ఏళ్ళలో ఆ సంగతి మరుగున పడిపోయింది, మట్టిబుర్ర అన్న మాట మాత్రం మిగిలింది. ఎంత అన్యాయం!

మర్నాడు కుట్టు డబ్బా సంచిలో పడేసి, గుండీని చెయ్యి పట్టుకుని బడికి నడిచింది. పిల్లని వరండాలో బల్లమీద కూర్చోబెట్టి హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళింది.

"పరీక్ష అందరికీ ఒకటే కత్తెరమ్మా. ఇందులో నా చేతిలో ఏముంది?" అంది హెడ్మిస్ట్రెస్, కాగితం చూసి.

"మీ కోటు చేతి అంచు ఒక్కసారి లోపలికి తిప్పండమ్మా."

ఆవిడ తిప్పింది. కిందటి వారమే కత్తెరమ్మ కుట్టిచ్చిన కోటు అది. మడత లోపల సన్నగా, తిన్నగా ఒక తెల్లటి సుద్దగీత.

"అది గియ్యకపోతే మీ కోటు చెయ్యి ఎగుడుదిగుడుగా వచ్చేది" అంటూ కత్తెరమ్మ డబ్బా మూత తీసి బల్లమీద పెట్టింది. "ఇదిగో, నాలుగూ ఉన్నాయి. ఏది తీసెయ్యాలో మీరే తీసెయ్యండి."

హెడ్మిస్ట్రెస్ డబ్బాలోంచి సుద్దముక్కని చేతిలోకి తీసుకుంది. "నేనూ ఇదే పరీక్ష రాశాను. సుద్దని కొట్టేసి మార్కు తెచ్చుకున్నాను" అంది మెల్లగా. ఎర్ర పెన్ను తీసి ఆరుని ఏడు చేసింది. "సోమవారం పిల్ల పెద్ద గదిలోనే కూర్చుంటుంది. సరేనా?"

కత్తెరమ్మ లేవలేదు.

"ఇంకేమిటి?"

"నాదీ దిద్దండమ్మా. నేనూ సరిగ్గానే రాశాను."

"నీ కాగితం ఇప్పుడెక్కడుంటుంది?"

"దీని వెనక ఖాళీయే కదా, అక్కడ వెయ్యండి."

హెడ్మిస్ట్రెస్ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగింది. కాగితం తిప్పి ఒకటి వేసి, కింద సంతకం పెట్టింది.

"షెడ్డులో ఇంకా పదిహేడుమంది ఉన్నారు. వాళ్ళవీ తెప్పించి చూడండి. నాకేం తొందర లేదు, బయట కూర్చుంటాను."

హెడ్మిస్ట్రెస్ ప్యూన్ని పిలిచి, పాత కాగితాల కట్ట తెమ్మంది.

వరండాలో గుండీ కాళ్ళూపుకుంటూ కూర్చుంది. "ఏమన్నారమ్మమ్మా? నేను షెడ్డుకేనా?"

"పెద్ద గదికే."

"మరెందుకేడుస్తున్నావు?"

కత్తెరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, పిల్ల తలని రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ ఉంగరాల జుట్టుమీద ముద్దు పెట్టుకుంది.

"నీకు అచ్చం నా బుర్రే వచ్చిందే తల్లీ" అంది.