కాలకేతుకు చావు లేదు

ఏబేలును మట్టిచేసిన వారానికి అతని భార్య యేసుమణి మార్కాపురంలోని ప్రెస్సు మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఆ నెల పుస్తకం. అట్టమీద తగలబడుతున్న ఊరు, ఊరి ముందు తుపాకి పట్టుకున్న మొనగాడు, పైన ఎర్రటి అక్షరాల్లో రచయిత పేరు: కాలకేతు.

“సార్, వచ్చే పుస్తకంలో ఒక్క ముక్క ఎక్కియ్యండి. ఇది రాసిన ఏబేలు పోయినాడని. చదివేటోళ్లకు తెలవాల గదా,” అంది.

ప్రెస్సు యజమాని నాగభూషణరావు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

“ఎవరమ్మా పోయింది? కాలకేతా? నిక్షేపంగా ఉండాడే! వచ్చే నెల పుస్తకం మిషనెక్కబోతాంది. కాలకేతుకు చావు లేదు తల్లీ. నీ మొగుడంటావా, పాపం మంచోడే. మా దగ్గర పనిచేసినాడు. పనోడు పోతే పుస్తకంలో వేస్తారా? అట్లయితే మిషను తిప్పేటోడి పేరూ వెయ్యాల, కాగితం మోసేటోడి పేరూ వెయ్యాల.”

“వెయ్యండి. వద్దనిందెవురు?” అంది యేసుమణి.

రావు నవ్వాడు. గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా లేచి వచ్చి ఆమెను మెట్లదాకా సాగనంపాడు. సాగనంపడం అంటే రెక్క పట్టుకుని.

మేడగదిలో మూలన చాపమీద కూర్చున్న హైమావతి ఇదంతా చూసింది. ఒళ్లో చంటిది పాలు తాగుతోంది. పెన్ను చేతిలో ఉంది. లేచి ఒక్క మాట అనలేకపోయింది. ఆ పూట ఆమె రాత ఒక్క పేజీ కూడా ముందుకు సాగలేదు.

ఆ మేడమీద పని ఎట్లా జరిగేదో చెప్పాలి. మార్కాపురంలో పలకల షెడ్లు చూసినవాళ్లకు తెలుసు. ఒకరు రాయి చీలుస్తారు, ఒకరు అరగదీస్తారు, ఒకరు చెక్క చట్రం బిగిస్తారు. పలక మాత్రం ముగ్గురిదీ కాదు. రావు ఆ పద్ధతినే కథలకు తెచ్చాడు. ‘నిప్పులవాన తర్వాత’ అని నెలకొక నవల. లోకమంతా కాలిపోయాక మిగిలిన నలుగురూ బళ్లు కట్టుకుని నీళ్లు వెతుక్కుంటూ పోతుంటారు. వాళ్ల నాయకుడు అభిజిత్. కొట్లాటలు, పేలుళ్లు కరుణాకరం రాస్తాడు. దారి, ఎండ, దప్పిక, బావులు ఏబేలు రాసేవాడు. మనుషులు మాట్లాడుకునే మాటలు హైమావతివి. ముగ్గురి కాగితాలూ కలిపి కింద కంపోజిటరు పోలయ్య సీసపు అక్షరాలు పేరుస్తాడు. మొత్తం పుస్తకం ఒకరి చేత రాయించడు రావు. రాయిస్తే నాది అంటారని.

హైమావతి చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. మేనత్త కొడుకు బ్రహ్మానికి ఇచ్చి చేశారు. అతను పలకల గనిలో రాయి కొడతాడు. పెళ్లికి కార్డులు కూడా అచ్చేయించలేదు. తన పేరు అచ్చులో ఎట్లా ఉంటుందో ఆమె ఎన్నడూ చూసుకోలేదు. పోలయ్య పక్కన నిలబడ్డప్పుడల్లా ‘హై’ అనే అక్షరం పెట్టెలో ఏ గడిలో ఉందో కళ్లు వెతికేవి. మళ్లీ చంటిది కింద పడిన సీసపు ముక్క ఏదైనా నోట్లో పెట్టుకుందేమోనని గుప్పిట విప్పి చూసేది. రోజుకు పదిసార్లు విప్పేది. ఏమీ ఉండేది కాదు. అయినా భయం పోయేది కాదు.

ఏబేలుది పుల్లలచెరువు పక్క. బావులు తవ్వే ఇంట పుట్టి, ఊపిరితిత్తుల నిండా పలకల దుమ్ము నింపుకుని, దగ్గుతూ రాశాడు. అతను రాసిన బావుల్ని చదివితే పెదాలు తడుపుకోవాలనిపించేది.

ఆదివారం పోలయ్య ఇంటి ముందు వేపచెట్టు కింద అందరూ కూడారు. రచయితలు ఇద్దరు, యేసుమణి, ప్రెస్సులోని పనివాళ్లు, పుస్తకాలు ఎగబడి చదివే కాలేజీ పిల్లలు కొందరు. బ్రహ్మం కూడా వచ్చి దూరంగా గొంతుక్కూర్చున్నాడు.

“ఏబేలన్న పేరు అచ్చుకాకుండా పెన్ను ముట్టేది లేదు. ఈ నెలనుంచి అందరి పేర్లూ ఉండాల,” అన్నాడు కరుణాకరం.

“పేరు తింటే కడుపు నిండుద్దా బావా?” అన్నాడు బ్రహ్మం. “కూలి పెంచమనండి, వింటాం.”

గడ్డం పెంచుకున్న ఒక విద్యార్థి లేచాడు. “బ్రహ్మమన్న చెప్పింది కరెక్టు. పేరు కోసం కొట్లాడటం వ్యక్తివాదం. కీర్తి కాంక్ష బూర్జువాలది. శ్రామికుడికి పేరెందుకు?”

యేసుమణి అతని వైపు తిరిగింది. “నీ పేరు కాలేజీలో పిలుస్తారా నాయనా?”

“పిలుస్తారు.”

“ఒక నెల్లాళ్లు పిలవకుండా దాటేస్తే ఊరుకుంటావా? నువ్వు రాలేదని రాసుకుంటే?”

పిల్లలు పగలబడి నవ్వారు. గడ్డం విద్యార్థి కూడా నవ్వి కూర్చున్నాడు.

“మా ఆయన వచ్చినాడు సామీ,” అంది ఆమె. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. “రోజూ వచ్చినాడు. నెత్తురు కక్కినరోజు కూడా వచ్చినాడు. రాలేదని రాసుకుంటాండారు. నేనడిగేది అదే.”

పోలయ్య బీడీ ఆర్పేశాడు. “మీరు రాసేది ఆపితే మేం పేర్చేది ఆపుతాం. ఆ రావునే పేర్చుకోమనండి, అక్షరాలన్నీ తలకిందులుంటాయి, తెల్లారుద్ది.”

మర్నాడు ప్రెస్సు మూగబోయింది.

రావు కోపగించుకోలేదు. అదే అందరినీ ఎక్కువ మండించింది. అరుగుమీద కుర్చీ వేసుకుని దారిన పోయేవాళ్లకు వినపడేట్టు చెప్పాడు: “కాలకేతంటే చొక్కారా. ఎవడు తొడుక్కున్నా పడుద్ది. బెజవాడలో అట్టా రాసేటోళ్లు వీధికి పదిమంది.”

నిజమేనా అని లోపల ప్రతి ఒక్కరికీ గుబులు. కూలీలు గని మానితే రాయి రాదు. బస్సులు ఆపితే బండి కదలదు. వీళ్లు మానితే? పేరే లేనివాళ్లు లేకుండా పోతే కనిపెట్టేదెవరు? కరుణాకరం చిరాకుతో పెళ్లాంమీద అరిచాడు. పోలయ్య ఒంగోలు పోయి వేరే పని అడిగి, ఊరికే తిరిగొచ్చాడు. ఇంటికొక జగడం, పూటకొక అనుమానం.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బత్తాయిల సంచితో రావు హైమావతి గడపలో నిలబడ్డాడు.

“అమ్మాయ్, వాళ్లంతా మొరటోళ్లు. నీ రాతలో లక్షణముంది. అట్టమీద నీ పేరు వేస్తా. ఒక్క నీదే. పెద్దక్షరాలతో. ఏమంటావు?”

కాదనాలని హైమావతికి తెలుసు. కానీ పెద్దమనిషి గడపలో నిలబడి అడిగితే మొహంమీద కాదనే అలవాటు ఆ ఇళ్లలో లేదు. పిల్లనడిగినా, పొలమడిగినా, వద్దనుకుంటే ఒకటే మాట.

“ఇంట్లో అడిగి చెప్తానండి,” అంది.

ఆ మాట అర్థం ‘వద్దు’ అని ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. రావుకూ తెలుసు. తెలిసే తలూపి వెళ్లాడు. వచ్చిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కాదన్నాక చెప్పేదేముందిలే అనుకుంది. అనుకున్నదంతా అదే కాదు. ఆ పెద్దక్షరాలు రెండు రాత్రులు ఆమె కళ్లముందు ఆడాయి.

పుస్తకం వచ్చింది. రావు ఎవరి చేతనో రాయించి ఒంగోలులో అచ్చేయించాడు. కరుణాకరం దాన్ని తెచ్చి ఆమె కాళ్లముందు విసిరికొట్టాడు.

“చూసుకో! తనివితీరా చూసుకో! అమ్ముడుపోతివి గదా చెల్లే!”

అట్టమీద: ‘కాలకేతు అసలు పేరు ఇదే! రచన: హైమావతి.’

ఆమె చూసింది. మొదటిసారి చూసింది. వేలు పెట్టి తడిమింది కూడా. బాగుంది. అంత బాగున్నందుకు ఏడుపొచ్చింది.

“నేను ఊఁ అనలేదన్నా. నేను రాయలేదు.”

“రావు మీ ఇంటికొచ్చినాడా లేదా?”

“వచ్చినాడు.”

“మరెందుకు చెప్పలే?”

అతను వెళ్లిపోయాడు. బ్రహ్మం పుస్తకం అటూ ఇటూ తిప్పి, “పేరైతే వచ్చింది గదా, ఇంక గమ్మునుండు,” అన్నాడు. ఆ మాటకు ఆమెకు అతన్ని కొట్టాలనిపించింది. చంటిదాన్ని చంకనేసుకుని బయటపడింది.

దారిలో పలకల షెడ్డు. అక్కడ ఆడవాళ్లు పలకలు అరగదీస్తుంటే చదువొచ్చిన మాలకొండమ్మ మధ్యలో కూర్చుని కాలకేతు పుస్తకం పైకి చదువుతుంది. ఆమె వంతు పలకలు మిగతావాళ్లు అరగదీసి పెడతారు. అదక్కడి ఏర్పాటు. హైమావతిని చూడగానే చదవడం ఆపి, చేతి అంచుతో పుస్తకాన్ని కొట్టింది.

“రామ్మా, రా. పెద్ద రచయితంట! అభిజిత్ బావిలో దిగి నీళ్లు పడంగానే దోసిలి పట్టి గటగటా తాగినాడా? పైన పసిపిల్లలు నోరెండి కూచోనుంటే?”

“బావిలో దిగినోడు ఆఖరున గదా తాగేది!” అరిచింది ఇంకొకామె. “ఇన్ని పుస్తకాల్లో ఎప్పుడన్నా ముందు తాగినాడా? కడవ పైకి పంపుతాడు, అందరూ తాగినాక తాడు కదిలిస్తారు, అప్పుడు తాగుతాడు. మా నాయన కూడా అంతే. నువ్వు పిల్లతల్లివి, కుళాయికాడ మాతో కొట్లాడే దానివి. నీకు చెయ్యెట్ల వచ్చింది?”

తిట్లు మీద తిట్లు. హైమావతి వింటోంది. వింటున్నకొద్దీ ఆమెకు ఒంట్లోకి ప్రాణం వస్తోంది. వీళ్లు కనిపెట్టారు! పేరు తెలియని ఏబేలును వీళ్లు తాడు కదిలే తీరునుబట్టి గుర్తుపట్టారు. చొక్కా అందరికీ పట్టదు రావుగారూ!

“అక్కా,” అంది, “ఇది నేను రాయలే. ఇన్నాళ్లూ బావులు రాసింది ఏబేలన్న. చచ్చిపోయినాడు. ఆయన పేరు వెయ్యమని మేం పని మానుకుంటే, మమ్మల్ని చీల్చడానికి ప్రెస్సు రావు నా పేరేసినాడు.”

షెడ్డులో రాపిడి చప్పుడు ఆగిపోయింది.

“ఏ ఏబేలు? మన షెడ్లో దగ్గుకుంటా పనిచేసిన ఏబేలా?” అంది మాలకొండమ్మ. పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత పైట దులుపుకుని లేచింది. “పద. పుస్తకాలు యాడమ్ముతాండారు?”

బస్టాండులో గిద్దలూరు బస్సు బయల్దేరబోతోంది. పుస్తకాల బంకు ముందు కొత్త పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. కిటికీల్లోంచి జనం కొనుక్కుంటున్నారు. వచ్చేదారిలో పోలయ్య ఇంటి దగ్గర హైమావతి అడిగింది ఒక్కటే: డబ్బాడు ప్రెస్సు సిరా, ఒక కుంచె. పోలయ్య ఆమె మొహం చూసి, అవి తెచ్చిచ్చి వెనకే నడిచాడు. నడుస్తూ కరుణాకరానికి కబురంపాడు.

చంటిదాన్ని మాలకొండమ్మ చేతికిచ్చి హైమావతి బంకు ముందు నిలబడింది. మొదటి పుస్తకం తీసింది. తన పేరు చూసింది. కుంచె ముంచి అడ్డంగా నల్లగా గీసేసింది. రెండోది తీసింది.

“ఏయ్! ఏయ్! పిచ్చి పట్టిందా? సరుకు పాడుచేస్తాండావు!” బంకువాడు చెయ్యి పట్టుకోబోయాడు. షెడ్డు ఆడవాళ్లు అడ్డం నిలిచారు.

“నా పేరు నేను కొట్టేసుకుంటాండా. నీకేంది నొప్పి?” అంది హైమావతి. గీస్తూనే ఉంది. “అయ్యల్లారా! ఇది రాసింది నేను కాదు. బావుల్ని, దప్పికను మీకు చెప్పినాయన ఏబేలు. ఆయన్ను దాచిపెట్టడానికి ప్రెస్సు రావు నా పేరు ఎత్తుకపోయి మూత పెట్టినాడు.”

జనం మూగారు. కాలేజీ పిల్లలు పరుగెత్తుకొచ్చారు. గడ్డం విద్యార్థి జేబులోంచి పెన్ను తీసి, నల్లటి గీత కింద ఖాళీలో ‘ఏబేలు’ అని రాయడం మొదలుపెట్టాడు.

రిక్షా దిగి నాగభూషణరావు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మొదటిసారి అతని మొహంలో నవ్వు లేదు.

“నీ జన్మలో ఇంకోసారి నీ పేరు అచ్చుగాదే, తెలుసా? ఎవడు వేస్తాడే నీ పేరు?”

“వెయ్యకపోతే పో,” అంది ఆమె. “నాకాశ లేదనుకున్నావా? ఉండె. కడుపులో ఇంతుండె. దాన్ని పట్టే గదా గాలం వేస్తివి!”

గుంపు వెనకనుంచి కరుణాకరం ముందుకొచ్చాడు. ఆమె కళ్లలోకి చూడలేక తల వంచుకున్నాడు. “ఇటియ్యి చెల్లే, చెయ్యి నొప్పి పుడుద్ది,” అని కుంచె అందుకున్నాడు.

జీపు వచ్చింది. ఇద్దరు పోలీసులు దిగి, రావు చూపించగానే హైమావతిని పట్టుకున్నారు. చంటిది ఏడుపందుకుంది. “పాలిచ్చే టైమయ్యా, పిల్లనన్నా ఇయ్యండి!” అని హైమావతి పెనుగులాడింది. ఆమె భయమంతా ఒక్కసారిగా అక్కడికే వచ్చింది. మాలకొండమ్మ పోలీసు చేతికింద నుంచి దూరి పిల్లను తల్లి ఒళ్లో వేసి, తనూ జీపెక్కి కూర్చుంది. “నువ్వెందుకే ముసల్దానా, దిగు!” అన్నాడు పోలీసు. “పిల్ల బట్టలెవురు మారుస్తారు, నువ్వు మారుస్తావా?” అందామె.

జీపు కదిలింది. బస్టాండు వాకిట్లోకొచ్చేసరికి గిద్దలూరు బస్సు అడ్డంగా ఉంది. పోలీసు హారను కొట్టాడు. బస్సు కదల్లేదు. మళ్లీ కొట్టాడు. ఇంజను ఆగిపోయింది.

డ్రైవరు దిగాడు. నడివయసు మనిషి, ఖాకీ చొక్కా చెమటకు తడిసి ఉంది. చేతిలో మడతలుపడ్డ కాలకేతు పుస్తకం. జీపు వైపు చూడనైనా చూడకుండా కరుణాకరం దగ్గరికి నడిచాడు.

“బండి తియ్యవయ్యా!” అరిచాడు పోలీసు.

డ్రైవరు పుస్తకం చాపాడు. కరుణాకరం అట్టమీది పేరును నల్లగా గీశాడు. కిటికీలన్నిటిలోంచి చేతులు బయటికొచ్చాయి. ఒక్కో చేతిలో ఒక పుస్తకం.

“రాసినాయన పేరేమంటిరి?” అని అడిగాడు డ్రైవరు.

“ఏబేలు.”

“ఏ ఊరు?”

“పుల్లలచెరువు పక్క.”

డ్రైవరు పుస్తకం వెనక్కి తీసుకోలేదు.

“అయితే ఊరు కూడా రాయి,” అన్నాడు.