పేరు తెలియని దగ్గు

తెల్లవారగానే సంతలో టెంపే గంపలు దిగుతాయి. సోయా గింజలు ఉడికించి, పులియబెట్టి, అరిటాకులో కట్టిన అచ్చులవి. ఒకప్పుడు వాగియెమ్ చేసిన టెంపే కోసం జనం ఎగబడేవారు. ఇప్పుడు ఆమె గంప వైపు ఎవరూ తొంగిచూడరు. కారణం ఆమె దగ్గు. కుక్క మొరిగినట్టు, ఊపిరి తిప్పుకోనివ్వని దగ్గు.

"నీకు దణ్ణం పెడతానమ్మా, కాస్త అవతల కూర్చో. నీ మూలంగా నా మిరపకాయలూ ఎవరూ కొనట్లేదు," అంది పక్కనున్న ఆవిడ.

ఊళ్ళో అందరిదీ ఒకటే మాట, క్షయ అని. ఊరి వైద్యుడూ అదే అన్నాడు. కళ్ళె పరీక్షలో ఏమీ కనబడకపోయినా ఆర్నెల్లు మందులు మింగించాడు. తగ్గకపోతే, "మళ్ళీ మొదట్నుంచి వాడు," అన్నాడు. ఆమెకు మూత్రం ఎర్రబడింది, కడుపులో తిప్పింది, దగ్గు మాత్రం కదల్లేదు. దగ్గుకు ఎన్నో కారణాలుంటాయి. అసలు కారణం తేలకముందే తీర్పు చెప్పేస్తున్నది మనమే కదా?

అత్త పేరు పైనా. ఆవిడ చంటిపిల్ల సెకార్‌ను వాగియెమ్ ఒడిలోంచి లాగేసుకుంది. "పిల్లని కూడా చంపుకుంటావుటే?" అంటూ పాలు మాన్పించింది. వాగియెమ్ పడక పెరటి పాకలోకి మారింది. పిల్ల ఏడ్చినప్పుడల్లా గుమ్మం దాకా పరుగెత్తేది. అక్కడే దగ్గు ముంచుకొచ్చి కూలబడేది. భర్త కర్జో తల్లికి ఎదురు చెప్పలేదు.

ఒకరోజు దగ్గి దగ్గి, మండుతున్న పొయ్యి పక్కనే స్పృహ తప్పి పడిపోయింది. అప్పుడు గానీ కర్జో ఆమెను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. డాక్టరమ్మ గొంతులోకి సన్నని కెమెరా గొట్టం దింపి చూసింది.

"ఇది క్షయ కాదు. ఊపిరి గొట్టం గోడలు మెత్తబడ్డాయి. దగ్గినప్పుడల్లా అది మూసుకుపోతోంది. చాలా అరుదైన జబ్బు. ఎవరికీ అంటదు."

"తగ్గుతుందా అమ్మా?" అనడిగింది వాగియెమ్.

"పూర్తిగా పోతుందని చెప్పలేను. ఊపిరికి సాయపడే యంత్రం ఉంది, ఆపరేషన్ ఉంది. చూద్దాం. కాస్త ముందే రావాల్సింది."

ఇంటికి రాగానే కర్జో డాక్టరమ్మ మాటలు తల్లికి చెప్పాడు. వాగియెమ్ పిల్లకు చేతులు చాచింది. "దగ్గుభూతం!" అని అరిచి, అప్పుడప్పుడే మాటలు నేర్చిన సెకార్ నాయనమ్మ వెనక దాక్కుంది. ఆ మాట ఎవరు నేర్పారో అక్కడున్న అందరికీ తెలుసు.

పైనా తల దించుకుంది. "అంటుకునేది కాదని మాకేం తెలుసే తల్లీ? తెలిస్తే ఇలా చేస్తామా?"

వాగియెమ్ చేతులు ఇంకా చాచే ఉన్నాయి. "అంటుకునేదే అనుకో అత్తా. మందు పడేదాకా దూరంగా ఉంచండి, కాదనను. దూరం నుంచైనా నేను దాని అమ్మనని చెప్పొచ్చుగా? ఏ జబ్బు వస్తే మాత్రం, మనిషి మనిషి కాకుండా పోతుందా?"